నేల పార్టీ ఇసికెలి

ఇసికెలికి ఉన్నది ఒక్కటే జబ్బు, ఉపన్యాసం. పెళ్లయినా చావైనా చేపల బజారైనా, చివరికి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నా సరే, తన రాజకీయం చెప్పకుండా లేచేవాడు కాడు. ఆ రాజకీయమైనా పదిరకాలా అంటే అదీ లేదు. "ఫిజీ నేల ఫిజీవాళ్లది, అమ్మకానికి లేదు. ఓడల్లో వచ్చినవాళ్లు ఓడల్లోనే పోవాలి!" అంతే. నేల పార్టీ అని ఒకటి పెట్టి, నిలబడిన ప్రతి ఎన్నికలోనూ డిపాజిట్టు పోగొట్టుకున్నాడు. పత్రికలవాళ్లు ఆయన్ని నిప్పు పెట్టే మనిషి అని రాసేవారు. లంబాసా పట్నం వీధిలో ఆయన లారీ మీది లౌడ్‌స్పీకరు వినబడగానే ఇండియన్ల దుకాణాల తలుపులు సగానికి మూతపడేవి.

ఆ ఉపన్యాసం అందరికన్నా ఎక్కువసార్లు విన్న దురదృష్టవంతుడు గవరయ్య. ఆయన తాత విశాఖపట్నం దగ్గరి పల్లె నుంచి చెరకు కూలీగా ఓడెక్కి వచ్చాడు. గవరయ్య పుట్టిందీ పెరిగిందీ ఈ చెరకులోనే. తోట ఉన్న నేల మాత్రం ఇసికెలి వంశంవారిది, కౌలుకు తీసుకున్నది. రెండిళ్లకూ మధ్య ఒక వాగు. సాయంత్రమయ్యేసరికి ఇసికెలి లుంగీ మోకాళ్లపైకి ఎత్తి ఆ వాగు దాటి, గవరయ్య అరుగు మీద దిగబడేవాడు.

"ఏం తవలే, ఇంకా పోలేదా నువ్వు?" అనేవాడు. తవలే అంటే అచ్చంగా మన బావే. ఎత్తిపొడుపులూ వేళాకోళాలూ సహా.

"ఓడ దొరకలేదు బావా. నువ్వు తిని వెళ్లు, రేపు చూస్తా."

గవరయ్య భార్య పైడమ్మ చేపల పులుసూ అన్నం తెచ్చి పెట్టేది. ఇసికెలి ఆ పులుసు ఆఖరి చుక్కదాకా వేళ్లతో ఊడ్చి, మూతి తుడుచుకుని, "పరాయి తిండి మన జాతిని పాడుచేసింది" అని మొదలుపెట్టేవాడు.

"మరి ఇప్పుడు తిన్నదేమిటి అన్నయ్యా?" అని పైడమ్మ నిలదీసేది.

"చేప మనది చెల్లీ. పులుసు దానికి తోడు వచ్చింది, నేనేం చెయ్యను?"

ఇలా నవ్వుకున్న రోజులు పోయాయి. రాజధాని సువాలో కొందరు తుపాకులు పట్టుకుని ప్రభుత్వాన్ని కూలదోశారు. కౌలు గడువులు ఒక్కొక్కటే తీరిపోసాగాయి. నిన్నటిదాకా దీపం వెలిగిన ఇంటికి ఇవాళ రేకులూ దూలాలూ ఊడదీసి లారీకెక్కించేవారు. వర్షంలో మొండి స్తంభాలు మిగిలేవి. పైడమ్మ అన్నగారి కుటుంబం లౌడ్‌స్పీకరు కేకలకు బెదిరిపోయి ఉన్నదంతా వచ్చిన ధరకు అమ్ముకుని సిడ్నీ వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి పైడమ్మ ఇసికెలి కంచంలో తోక ముక్క తప్ప వెయ్యలేదు. ఇసికెలి తోకే తిని, ఉపన్యాసం మాత్రం ఒక్క మాట తగ్గించలేదు.

ఆ వానల్లోనే గవరయ్య గడువూ తీరింది. సువా నుంచి ఒక కలప కంపెనీ మనిషి వచ్చి, ఆ నేల తమకిస్తే రెట్టింపు కౌలు ఇస్తామన్నాడు. ఇసికెలి అన్నగారే వంశానికి పెద్ద. తేల్చేద్దామని సభ పిలిచాడు. ఆ పొద్దున్నే పైడమ్మ గిన్నెలన్నీ మూటకట్టి గుమ్మంలో పెట్టింది. ముసలితనంలో ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు.

గవరయ్య పద్ధతి ప్రకారం యంగోనా వేళ్ల కట్ట, వాళ్లు నూరి నీళ్లలో కలిపి తాగే మత్తు వేరు, తెచ్చి సభ ముందు పెట్టి, "ఇన్నాళ్లూ మీ నేల మీద బతికాను, ఇంకొన్నాళ్లు బతకనివ్వండి" అని చేతులు జోడించి తలుపు దగ్గర కూర్చున్నాడు. కంపెనీ మనిషి పెద్దల వరసలో చాప మీద మఠం వేసుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు.

అప్పుడు ఇసికెలి గొంతు సవరించుకున్నాడు.

ఆ సభల్లో ఒక కట్టుబాటుంది. పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకూడదు, లేవకూడదు, కాళ్లు చాపకూడదు. సాయంత్రం ప్రార్థనకు డోలు మోగిందా, సభ ముగిసినట్టే. తేలని సంగతికి మళ్లీ యంగోనా పెట్టి అందరినీ మళ్లీ పిలవాలి.

ఇసికెలి తాతముత్తాతల తొలి పడవ దగ్గర మొదలుపెట్టాడు. "నేల అమ్మకానికి లేదు" అన్నాడు. "ఓడల్లో వచ్చినవాళ్లు..." అన్నాడు. గవరయ్యకు ఒళ్లు మండిపోయింది. నా పులుసు తిన్న నోటితోనే నా పీక కోస్తున్నాడే అనుకున్నాడు. మధ్యాహ్నమైంది. ఉపన్యాసం ముగిసే చోటుకు వచ్చింది. ఆ చోటు గవరయ్యకు కంఠతా వచ్చు. అయితే ఇసికెలి ముగించలేదు. "ఇంతకీ ఆ పడవ ఎలా కట్టారంటే..." అని మళ్లీ మొదటికొచ్చాడు.

కంపెనీ మనిషి ముఖంలో నవ్వు పోయింది, కాళ్లు తిమ్మిరెక్కి కళ్లు తేలేశాడు. యంగోనా చిప్ప ఇసికెలి ముందుకు రెండోసారి వచ్చింది, మూడోసారీ వచ్చింది. చిప్ప కనబడితే వదలని మనిషి, చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. అప్పుడు తట్టింది గవరయ్యకు. తాగితే ఒంటికి లేవాలి, లేస్తే మాట ఇంకొకరికి పోతుంది!

డోలు మోగింది. ఇసికెలి వాక్యం మధ్యలోనే ఆపేసి, లుంగీ ఎత్తి పట్టుకుని అరటిచెట్ల వెనక్కి పరుగెత్తాడు.

"మళ్లీ సభలో ఈయన మాట్లాడతారా?" అని కుంటుతూ అడిగాడు కంపెనీ మనిషి.

"ఆయనకి హక్కుంది మరి" అన్నాడు అన్నగారు.

కంపెనీ ఏరవతల ఇంకెవరి నేలో చూసుకుంది. రెట్టింపు ఇచ్చేవాడు పోయాక, వంశంవారు పాత కౌలునే గవరయ్యకు మళ్లీ రాసిచ్చారు.

గవరయ్య వాగు దాటి వెళ్లాడు. ఇసికెలి గొంతు పూర్తిగా పోయింది, పిల్లికూతలా వస్తోంది.

"నీ కోసం కాదు! నేల ఎవడికీ పోకూడదన్నాను, అంతే!"

"నన్ను ఉంచమని తిన్నగా చెబితే పోయేది కదా బావా?"

"నేల పార్టీ నాయకుడు ఇండియన్ని ఉంచమంటాడా? నా పార్టీ ఏం కావాలి?"

"నీ పార్టీలో ఉన్నది నువ్వొక్కడివేగా!"

"ఆ ఒక్కడూ రాజీనామా చేసేవాడు!"

వెనకే పైడమ్మ కూడా వాగు దాటి మిరియాల కషాయం తెచ్చింది. "మా అన్నని తరిమిన నోరు ఇది. నేను మరిచిపోను" అని మొహం మీదే చెప్పి, గ్లాసు నిండా పోసింది. ఇసికెలి తల వంచుకుని తాగాడు. కారం ఘాటుకో దేనికో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

చిక్కేమిటంటే, ఆ వారంలోనే లంబాసాలో ఎన్నికల సభ. గొంతు లేదు. లారీ ఉంది, లౌడ్‌స్పీకరు ఉంది, వినడానికి జనం కూడా కొంచెం ఉన్నారు. ఇసికెలి మైకు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. గవరయ్యకు చూడబుద్ధి కాలేదు. లారీ ఎక్కి మైకు లాక్కున్నాడు. ఉపన్యాసం తొలి పడవ దగ్గర నుంచి ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పాడు. ఇండియన్ నోట నేల పార్టీ మాట వినడానికి దుకాణాల్లోంచి కూడా బయటికొచ్చారు.

ఓడల చోటు వచ్చింది. గవరయ్య ఆగాడు.

"ఇక్కడ మా బావ ఒక మాట అంటాడు. అది నా నోటికి రాదు. మీకెలాగూ తెలుసు, ఎవరి మనసులో వాళ్లు అనుకోండి" అని ముందుకు పోయాడు.

బజారంతా గొల్లున నవ్వింది. ఇసికెలి సభలో చప్పట్లు పడటం అదే మొదలు.

ఆ ఎన్నికా ఓడిపోయాడనుకోండి. నెల తిరక్కుండా గొంతు వచ్చింది, ఉపన్యాసాలూ మొదలయ్యాయి. ఒక్కటే తేడా. ఓడల చోటుకు వచ్చేసరికి ఆయనకు దగ్గు తెర తగులుకునేది. దగ్గి దగ్గి, తేరుకుని, తర్వాతి మాట అందుకునేవాడు. గవరయ్య కంగారుపడి లంబాసా డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. డాక్టరు టార్చి వేసి చూసి, గొంతులో ఏ లోపమూ లేదన్నాడు.