దేవుడి గూట్లో పచ్చరాయి

ఆ రాయి మా ఇంటికి వచ్చిన రోజే తూచాను. తూచకుండా ఏ వస్తువునూ నమ్మలేను. చిత్తూరు మామిడి మండీలో నేను చేసేది ఆ పనే. రష్యాలో డాక్టరు చదువుతున్న మేనల్లుడు సెలవులకు వస్తూ దాన్ని తెచ్చిచ్చాడు. అక్కడ అగ్నిపర్వతం నెర్రెల్లోంచి వేడి ఆవిర్లు పైకొచ్చి చల్లబడే చోట, రాతి అంచులకు ఉప్పులాగా పేరుకుంటుందట. చాలా అరుదట. బొక్కలు బొక్కలుగా ఉన్న నల్లరాయి మీద ముదురు పచ్చని పలుకులు.

రాయి పెట్టి తెచ్చిన డబ్బా మీద రాసిన రసాయన సూత్రం చూసి, పాత పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్న లెక్కతో పరమాణువుల బరువులు కూడి చూశాను. ఆ పచ్చని పలుకుల బరువులో ఇంచుమించు మూడో వంతు ఆర్సెనిక్. మనం పాషాణం అనేది అదే.

"ఇది విషం. ఎవరూ ముట్టుకోవద్దు" అని ఇంట్లో చెప్పి, బీరువా మీద పెట్టాను.

మా ఆవిడ శ్రద్ధగానే విన్నది. వాళ్ళ పుట్టింట్లో ఉంగరానికి ఏ రాయి కొన్నా, దోషం పోవాలని రాత్రంతా ఆవుపాలలో నానేసి, తెల్లారి ఆ పాలు చెట్టు మొదట్లో పోస్తారు. రాతిలో విషం అంటే ఆమె లెక్కలో అది దోషమే. అలాంటి రాయిని ఉన్నదున్నట్టు ఇంట్లో పెట్టుకోవడానికి మనసొప్పక, ఆ రాత్రి నాకు చెప్పకుండా వెండి గిన్నెలో పాలు పోసి, రాయి వేసి, దేవుడి గూట్లో పెట్టింది.

ఆ గూట్లో రోజూ పాలు నైవేద్యం పెడతాం. నాయన స్నానం చేసి వచ్చి అవి తాగుతాడు.

మరునాడు పొద్దున నేను చొక్కా తొడుక్కుంటూ ఉంటే ఆయన గొంతు వినిపించింది.

"ఏంమ్మా, దేవుడి పాలల్లో రాయేసినావేంది? ఉండే నాలుగు పండ్లు కూడా రాలిపోవాలనా?"

పరిగెత్తాను. గిన్నె అడుగున పచ్చరాయి తప్ప ఏమీ లేదు.

"తాగేసినావా నాయనా?"

"దేవుని ముందర పెట్టింది పారబోస్తారేంరా?"

మా ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది. "అన్నం దించి పోసొద్దామనుకుంటి. దోషమంతా పాలల్లోకే దిగుతాది గదా..." అంటూ, ఆ మాట తన చెవికే తగిలి, నోరు మూసుకుంది.

ఆటో వచ్చేలోగా రాయిని తుడిచి తక్కెట్లో పెట్టాను. ఎంత తగ్గితే అంత కరిగినట్టు. కానీ తూకం పెరిగింది. బొక్కల్లోకి పాలు పోయినాయి. పచ్చది ఎంత కరిగిందో ఆ పాల బరువు కింద దాక్కుంది. సరే, ఉన్న పచ్చంతా కరిగిందనుకుని మనసులో లెక్క కట్టాను. వచ్చిన అంకె ఎవరికీ చెప్పలేదు. ఆటోలో నాయన చేయి పట్టుకుని కూర్చున్నాను.

"ఎంత లోపలికి పోయుంటాది?" అని ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు.

"తెలీదు సార్." తూకం గురించి నా నోట ఆ మాట వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఏం పెద్దాయనా, కడుపులో ఎట్లుండాది?"

"బాగుండాది సార్. పాలల్లో చక్కెరే తక్కువ."

మధ్యాహ్నానికి వాంతులు మొదలైనాయి. ఆ తర్వాత ఆయన హాస్యాలు ఆగిపోయాయి. సెలైను చుక్కలు చూస్తూ కూర్చున్నాను. లెక్కపెట్టబోతే ప్రతిసారీ మధ్యలో తప్పింది. మూత్రం పరీక్షకు మద్రాసు పంపారు. ఫలితం వచ్చేదాకా ఏమీ చెప్పలేమన్నారు. మా ఆవిడ మంచం కాళ్ళ వైపు నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఫలితం వచ్చింది. ఉండవలసిన దాని కన్నా ఎక్కువే ఉంది. మందు నడిచింది. రెండోసారి పంపినదాంట్లో తగ్గింది. "దిగుతా ఉండాది, ఇంటికి తీసుకుపోండి. మళ్ళీ చూద్దాం" అన్నాడు డాక్టరు. ఎంతవరకు దిగుతుందో నేను అడగలేదు.

ఇంటికొచ్చి నాయన మంచం మీద ఆనుకుని కూర్చుని కాఫీ అడిగాడు. మా ఆవిడ లోటాలో తెచ్చింది. ఆయన చేయి చాపాడు. ఆమె ఇవ్వకుండా, అక్కడే నిలబడి, ముందు తాను ఒక గుక్క తాగింది.

"ఏంమ్మా, మామకు ఎంగిలి కాఫీ ఇస్తావా?"

ఆమె ఇంకో గుక్క తాగి, కొంచెంసేపు ఆగింది. నేను ఆమె ముఖమే చూస్తూ ఉన్నాను.