ఎడమకాలి నాలుగు నట్లు

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నేను అక్కడి నుంచి లేచిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. నాచారంలో ప్రెస్ టూల్స్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నాది క్వాలిటీ విభాగం. కొలతకు దొరికేది ఉంది, దొరకనిది లేదు అన్నది నా లెక్క. ఇప్పుడు రాస్తున్నది వెర్నియర్‌తో కొలిచిన సంగతే. అంతుపట్టనిది కూడా అదే.

అవి తెలంగాణ రావడానికి ముందు రోజులు. ఎప్పుడు బంద్ అంటారో, ఎప్పుడు బస్సులు ఆగుతాయో తెలిసేది కాదు. మాది ఉప్పల్. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నేను పదో తరగతిలో ఉండగా అక్క సుజాత కామెర్లతో పోయింది. ఆ తర్వాత అమ్మా నేనూ నాచారం వచ్చి ఒక మేడ మీది రెండు గదుల్లో అద్దెకు ఉన్నాం.

అక్క మా బంధువుల ఆడవాళ్లలో ఎవరికీ లేనంత పొడుగు. సజ్జ మీది డబ్బా స్టూలు లేకుండా అందుకునేది. ఉప్పల్ బస్సులో పైన కడ్డీ నాకు అందేది కాదు. అక్క కడ్డీ పట్టుకునేది, నేను అక్క మణికట్టు పట్టుకునేవాణ్ణి. నన్ను బుడంకాయా అని పిలిచేది. "ఫికర్ జెయ్యకు రా బుడంకాయా, ఒక రోజు నా కంటె పొడుగైతవ్" అనేది. కాలేదు. వయసులో ఆమెను ఎప్పుడో దాటేశాను. ఎత్తులో ఆమె నుదుటి దగ్గరే ఆగిపోయాను.

పొట్టిగా ఉండటం పెద్ద కష్టమేమీ కాదు, రోజూ ఎవరో ఒకరు గుర్తు చేయకపోతే. బోడుప్పల్‌లో ఒక సంబంధం చూశాం. అమ్మాయి నాకు నచ్చింది. వాళ్ల మేనత్త ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసింది. "పిల్లా, జర చెప్పులిడ్సి నిలబడు" అంది. ఆ పిల్ల తల వంచుకుని, "ఇడ్సే ఉన్న అత్తా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది.

ఆ తర్వాతే కాళ్లు పొడిగించే ఆపరేషన్ గురించి చదవడం మొదలుపెట్టాను. నగరం అవతలి వైపు ఒక డాక్టరు దొరికాడు. ఎంత పెరగాలని ఉంది అని అడిగాడు. ఆరు సెంటీమీటర్లు అన్నాను, ఆలోచించకుండా. ఆరే ఎందుకంటే, అది సురక్షితమైన అంకె అని చదివానని చెప్పాను. అసలు సంగతి వేరు. ఆరు కలిస్తే అది సరిగ్గా అక్క ఎత్తు. ఆ మాట అమ్మకు కూడా చెప్పలేదు.

విధానం ఇది. మోకాలి కింది ఎముకను కోస్తారు. కాలి చుట్టూ స్టీలు రింగులు బిగించి, సన్నని తీగలను చర్మంలోంచి, ఎముకలోంచి గుచ్చి వాటికి కడతారు. పై రింగుకూ కింది రింగుకూ మధ్య నాలుగు మరకడ్డీలు, వాటికి నట్లు. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున నట్లు తిప్పాలి. రోజుకు ఒక మిల్లీమీటరు ఎడం అవుతుంది. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. పుట్టాలి.

కాగితం మీద చదివినప్పుడు నాకిది మా కంపెనీ వర్క్‌షాప్‌లో మిషను మీద జాబ్ సెట్ చేయడంలాగే కనిపించింది. కాగితం మీద లేనిది నొప్పి. ఎముక కంటే కండ మొండిది. ఎముక జరుగుతుంది, కండ రానంటుంది. పిక్కలు తాడులా బిగుసుకుపోయి మడమ నేలకు ఆనేది కాదు. తీగలు గుచ్చిన చోట చీము పట్టేది. నరం లాగినప్పుడు తొడ దాకా కరెంటు పాకినట్టుండేది. ఎక్స్‌రే కోసం ఆటోలో పోవాలంటే మెట్రో పిల్లర్లకు తవ్విన ఉప్పల్ రోడ్డు మీద ప్రతి గుంతా ఎముకలో దిగేది. మా షాప్‌లో పనిచేసే యాదగిరి చూడ్డానికి వచ్చి, "ఇగ మీ ఇంట్ల ఫ్యాన్ రెక్కలు నువ్వే తుడ్వాలె రా" అని నవ్వించబోయి, రింగుల వైపు చూసి మాట మింగేశాడు. అమ్మ అయితే వాటిని అసలు చూసేదే కాదు. మొహం పక్కకు తిప్పుకుని అన్నం పెట్టేది.

నాలుగు సెంటీమీటర్లు దాటాక ఒక ఎక్స్‌రేలో తేడా కనిపించింది. డాక్టరు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టాడు.

"కుడి కాల్లో సందు నిండా మబ్బులా కనిపిస్తోంది కదా బాబూ, అది కొత్త ఎముక. ఎడమలో చూడు, నల్లగా ఖాళీ."

రాకపోతే ఏమిటని అడిగాను. తుంటి నుంచి ఎముక తీసి అక్కడ పెట్టాలన్నాడు. అది కూడా అతుక్కోకపోతే ఆ కాలు జీవితాంతం బరువు మోయకపోవచ్చు. అప్పటికే ఎడమ వేళ్లకు స్పర్శ పోయింది, గిల్లినా తెలియడం లేదు. ప్రస్తుతానికి తిప్పడం ఆపేసి, నట్లు కదలకుండా ఒక్కోదానికి ఒక లాక్ నట్టు బిగించాడు. కొన్నాళ్లు చూసి నిర్ణయిద్దామన్నాడు.

ఇంటికి వచ్చాక నా పద్ధతిలో నేను ఒక పని చేశాను. మా షాప్‌లో బిగించిన నట్టు కదిలిందో లేదో తెలియడానికి దాని మీద ఒక పలకకు పెయింట్ చుక్క పెడతాం. చుక్క దిక్కు మారితే నట్టు కదిలినట్టు. నా ఎడమకాలి నాలుగు నట్లకూ ఎర్ర చుక్కలు పెట్టాను, నాలుగూ బయటి వైపుకు. లోపలి వైపున్న వెనక నట్టు నాకు ఒంటరిగా అందదు; తిప్పే రోజుల్లో అమ్మ మొహం తిప్పుకుని మడమ ఎత్తి పట్టుకుంటేనే దానికి స్పానర్ అందేది. అద్దంలో చూస్తూ పుల్లకు పెయింట్ అంటించి దాని మీద చుక్క పెట్టాను. తర్వాత రింగుల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచాను. నేను ఆగలేక మళ్లీ తిప్పుకుంటానని అమ్మకు అనుమానం. స్పానర్లు రెండూ బీరువా మీద పెట్టింది.

మంచం దిగబోయి ఒకసారి పడ్డప్పటి నుంచి నా పరుపు నేల మీదే. ఒక బంద్ రోజు మధ్యాహ్నం వెనక గల్లీలో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతమని అమ్మ వెళ్లింది. నేను లేచి గడియ పెట్టలేను కాబట్టి ఎప్పుడూ బయటి నుంచి తాళం వేసే వెళ్తుంది. ఆ రోజూ వేసింది. ఫ్యాక్టరీల చప్పుడు లేదు, రోడ్డు మీద బండి లేదు. కరెంటు పోయింది. కళ్లు మూసుకుని పడుకున్నాను.

ఎవరో నా కాళ్ల మీదుగా దాటారు. ఎడమ పక్క నుంచి కుడి పక్కకు, తొందరేమీ లేకుండా. లంగా అంచులాంటి బట్ట నా ఎడమకాలి వేళ్లను రాసుకుంటూ పోయింది. స్పర్శ లేని వేళ్లు అవి. అయినా తెలిసింది. కాటన్ బట్ట, కాస్త గంజి పెట్టినట్టు గరుకు.

అమ్మ వచ్చిందనుకున్నాను. మా ఇళ్లల్లో పడుకున్న మనిషిని దాటరు. దాటితే వాళ్లు ఎదగరంటారు. పొరపాటున దాటితే మళ్లీ వెనక్కి దాటాలి, అప్పుడు దోషం పోతుంది. చిన్నపిల్లలంతా ఈ మాట మీద పోట్లాడుకుంటారు. నేనూ చిన్నపిల్లాడిలా విసుక్కుంటూ, కళ్లు తెరవకుండానే అన్నాను.

"దాటినవ్ కదనే అమ్మా. మళ్ల ఎనుకకు దాటు."

ఎవరూ మళ్లీ దాటలేదు. గదిలో ఎవరో ఉన్నారన్న నిమ్మళం మాత్రం ఉంది. చిన్నప్పుడు అక్క పక్కన కూర్చుని చదువుకుంటుంటే నిద్ర పట్టేది, అలాంటిది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి గాఢంగా నిద్రపోయాను.

తాళం తీస్తున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. అమ్మ చేతిలో ఆకులో చుట్టిన ప్రసాదం ఉంది. ఇందాక వచ్చి మళ్లీ ఎందుకు పోయావని అడిగాను.

"నేనెప్పుడు వచ్చిన? గిప్పుడే గద వస్తున్న. తాళం చెవి నా కొంగుకే ఉంది, సూడు."

మందుల మత్తు అనుకుని ఊరుకునేవాణ్ణి. అప్పుడు కాళ్ల వైపు చూశాను. కనిపిస్తున్న మూడు నట్ల మీద ఎర్ర చుక్కలు లోపలి వైపుకు తిరిగి ఉన్నాయి. అమ్మను అద్దం అడిగాను. వెనక నట్టు చుక్క కూడా లోపలికే. వెర్నియర్ అడిగి రింగుల మధ్య నాలుగు చోట్లా కొలిచాను. నాలుగు చోట్లా రెండున్నర మిల్లీమీటర్లు తగ్గింది. నాలుగూ సమానంగా. లాక్ నట్లు గట్టిగా బిగిసే ఉన్నాయి. కుడి కాలు మారలేదు.

పావు మిల్లీమీటరు కదిపితే పళ్లు బిగబట్టేవాణ్ణి. రెండున్నర మిల్లీమీటర్లు కదిలితే నిద్ర లేవలేదు.

అమ్మకు జరిగిందంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ప్రసాదం పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

"ఎటుకెల్లి ఎటు దాటింది?"

దాటాడు అనలేదు, దాటారు అనలేదు. ఎడమ నుంచి కుడికి అని చూపించాను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అక్క సంగతి ఎత్తింది.

"నాలుగేండ్లోనివి నువ్వు. గిట్లనే కింద పండుకున్నవ్. అది బడికి పొయ్యే తొందరల సంచి కోసం నిన్ను కుడికెల్లి ఎడమకు దాటింది. ఎనుకకు దాటే పిల్లా అని మీ నాయినమ్మ ఒర్లుతనే ఉంది, అది సుట్టు తిరిగి ఉరికింది. మళ్ల దాటలే. నువ్వు ఎదుగకపోయేసరికి మీ నాయినమ్మ దాన్ని మస్తు తిట్టేది. దానికి లోపల రంది ఉండె బిడ్డా. నా వల్లనే తమ్ముడు పొట్టిగ ఉండిపాయె అని."

అక్క నన్ను బుడంకాయా అని ఏడిపించడమే నాకు తెలుసు. ఆమెకు ఈ రంది ఉన్నట్టు తెలియదు.

"దవాఖానాల ఆఖరికి గదే మాట. తమ్మున్ని తోల్కరా అమ్మ, ఈడ కింద పండవెట్టు, నేను ఎనుకకు దాటాలె అని. కామెర్లు నెత్తికెక్కినయనుకున్న. నీకు పరీక్షలుండె. తోల్కరాలె."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి, ఆ రోజు అమ్మ నా రింగుల వైపు చూసింది. చేత్తో ముట్టుకుంది కూడా.

డాక్టరుకు నట్ల సంగతి మాత్రమే చెప్పాను. నేనే తిప్పుకున్నానని నిశ్చయించేసుకున్నాడు.

"నువ్వు ఇంజినీరువే, ఒప్పుకుంటాను. కానీ ఇది మిషను కాదయ్యా, కాలు!"

తిట్టడం అయ్యాక ఫిల్ము తీయించాడు. అప్పటికి తేడా లేదు. తర్వాతి ఫిల్ములో ఎడమకాలి సందులో సన్నగా, పాలు చల్లినట్టు తెల్లదనం కనిపించింది. ఆ తర్వాతి దాంట్లో మబ్బు పట్టింది. వేళ్లకు కూడా మెల్లగా స్పర్శ వచ్చింది. సందును ఇలా దగ్గరికి నొక్కితే ఒక్కోసారి ఎముక పుంజుకుంటుందని, తానూ అదే చేద్దామనుకున్నానని డాక్టరు చెప్పాడు. నొక్కకపోయినా వచ్చేదేమో, చెప్పలేమని కూడా అన్నాడు. నిజాయితీ గల మనిషి.

ఎముక కుదురుకుంటున్నప్పుడే మిగిలినది కూడా లాగుదామా అని అడిగాడు. ఇంకో రెండు సెంటీమీటర్లు కూడా మిగల్లేదు. ఆ నొప్పి అంతా పడ్డది దాని కోసమే. వద్దన్నాను. కుడి కాలిని ఎడమకు సమానం చేసి ఆపేయమన్నాను. అమ్మ పక్కనే ఉంది, ఎందుకని అడగలేదు.

ఇప్పుడు నడుస్తాను. చలికాలం ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది, పరుగెత్తలేను. ఈ ఆపరేషన్ చేయించుకోవాలని ఎవరైనా సలహా అడిగితే వద్దనే చెబుతాను.

ఆ మధ్యాహ్నానికి కారణం కోసం నాకు చేతనైన దారులన్నీ వెతికాను. మందుల వల్ల ఎవరో దాటినట్టు అనిపించి ఉండొచ్చు. మందులు నట్లు తిప్పవు. నిద్రలో నేనే తిప్పానంటే, స్పానర్లు నిలబడితే తప్ప అందని చోట ఉన్నాయి, వెనక నట్టు నాకు ఒంటరిగా ఎలాగూ అందదు. అమ్మ వ్రతం పీటల దగ్గర పదిమంది మధ్య ఉంది. నట్లు వాటంతటవే జారాయంటే, నాలుగూ ఒకే కొలతకు జారి మళ్లీ బిగుసుకోవు. అక్క దవాఖానా మాటలు చిన్నప్పుడు ఎక్కడో నా చెవిన పడి ఉండొచ్చని కూడా అనుకున్నాను. అమ్మ ఎవరికీ చెప్పలేదంటుంది. నాకు పొడుగివ్వాలని వచ్చిన మనిషే అయితే, ఉన్న దాంట్లోంచి ఎందుకు తగ్గించింది? 

దయ్యాలున్నాయని ఇప్పుడు కూడా నేను అనను. ఎవరైనా తెలిసినవాళ్లు ఆ రెండున్నర మిల్లీమీటర్లకు సరైన కారణం చూపిస్తే ఒప్పుకోవాలి, అది నా పద్ధతి. కానీ కొంతకాలంగా నేను ఎవరినీ అడగడం మానేశాను. కారణం దొరికిన రోజు, ఆ మధ్యాహ్నం ఆ గదిలో నేను ఒక్కణ్ణే ఉన్నానని కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది.