శెట్ల కంప్యూటర్లకు వాహిద్ చెప్పిన ఉద్వాసన

ప్రొద్దుటూరు బంగారం బజారులో దుమ్మును కూడా ఊరికే పారేయరు. అంగళ్ల ముందు ఊడ్చిన మట్టిని కొని, కడిగి, నలకంత బంగారం తీసుకునేవాళ్లున్నారు. అలాంటి ఊళ్లో చెడిపోయిన కంప్యూటర్లు ఇమ్మని అడిగే పని పెట్టుకున్నాడు అబ్దుల్ వాహిద్. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయి టీవీలు, టీవీలు పోయి చివరికి ఇది. పాత సామాన్లవాళ్లు పెన్న ఇసుకలో వైర్లు కాల్చి రాగి తీస్తుంటే, ఆ పొగకు వాహిద్ వీధి వీధంతా దగ్గేది. అందుకే అతను తన సరుకును, సీసం మట్టిలో కలవకుండా పద్ధతిగా విడదీసే కర్మాగారానికి పంపాలనుకున్నాడు.

ఆ కర్మాగారంవాళ్ల లారీ శుక్రవారం ఎర్రగుంట్ల మీదుగా వస్తుంది. నిండితే ఏటా వస్తామన్నారు. నిండకపోతే మళ్లీ ఈ వైపు తొంగి కూడా చూడబోమన్నారు. అప్పుడిక మిగిలేది పెన్న ఇసుకే. జమ్మలమడుగులో ఒక బడివాళ్లు ఉన్నవన్నీ ఇచ్చేశారు. పులివెందులలో ఒక ఆఫీసువాళ్లు మాత్రం చచ్చిన మౌసుకు కూడా పైనుంచి అనుమతి రావాలన్నారు. బతికున్నప్పుడు దానికి అంత గౌరవం జరిగి ఉండదు. ఇక దిక్కు బంగారం బజారే.

"ఇయ్యను పో," అన్నాడు నగల అంగడి హనుమంతయ్య శెట్టి. మూలనున్న కంప్యూటర్ల మీద ఏటేటా దసరాకు పెట్టిన కుంకుమ అట్టలు కట్టి ఉంది. "పూజ చేసిన దాన్ని తుక్కులో ఏస్తే లచ్చిమి నిలుస్తాదా?"

"అది పలికి పదేండ్లాయ గదా శెట్టీ!"

"దేవుడేమన్నా రోజూ మాట్లాడతాండాడా? మొక్కడం మానినామా?"

బజారంతా ఇదే మాట. వాహిద్ పురోహితుడు దత్తాత్రేయశర్మ దగ్గరికి పోయాడు.

"వినాయకుని మాదిరి పెన్నలో కలిపితే సరిపాయ," అన్నాడాయన.

"అయ్యో సామీ, ఆ నీళ్లే గదా మనం తాగేది! ఇంకో దారి లేదా?"

ఉంది, ఉద్వాసన. విగ్రహాన్ని కొంచెం ఈశాన్యానికి జరిపి, నీ చోటికి పోయి మళ్లీ రమ్మని చెప్పే మంత్రం. మళ్లీ రమ్మనడం శెట్లకు తెగ నచ్చింది. ఆ మాటకొస్తే కర్మాగారం చేసేదీ అదే. రాగి రాగిగా, బంగారం బంగారంగా తిరిగి వస్తుంది. శర్మ అంగడంగడికీ వెళ్లి మంత్రం చదివాడు, వాహిద్ మానిటర్లు జరిపి మోశాడు. దక్షిణ శర్మకు, బరువు వాహిద్‌కు.

శుక్రవారం లారీ నిండింది. తలుపు మూసేలోపు హనుమంతయ్య అడ్డం నిలబడ్డాడు.

"సామి ఇంట్లో జాతకాలేసే పాత కంప్యూటర్ ఉండాది గదా, అది యాడ? ఆయనకు లేని నమ్మకం మాకేల? దించండప్పా మావి!"

మిగతా శెట్లూ దించండన్నారు. వాహిద్ పరుగున శర్మ ఇంటికి పోయాడు. ఆయన కంప్యూటర్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

"మాది మేమే సాగనంపుకోకూడదు వాహిదూ. ఇంకొక పురోహితుడు రావాల."

ఆ ఇంకొకాయన గంట దూరంలో ఖాజీపేటలో ఉంటాడు. లారీ ఇంజిను ఇక్కడ మోగుతోంది. వాహిద్ ఒక్క క్షణం ఆలోచించాడు. టోపీ సర్దుకుని, మానిటర్‌ను ఈశాన్యానికి జరిపి, అన్ని అంగళ్లలో విని విని నోటికి వచ్చిన మంత్రాన్ని ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు.

మంత్రం పూర్తికాగానే శర్మ అలవాటుగా దక్షిణకు చెయ్యి చాపాడు.

వాహిద్ ఆయన రెండు చేతుల్లో మానిటర్ పెట్టాడు. "బరువు ఈసారి మీరు మోయండి సామీ."

శర్మ దాన్ని మోసుకుంటూ బజారు వెంట వస్తుంటే శెట్లు పక్కకు తప్పుకుని దండం పెట్టారు. ఆయనకో, దానికో.