పగటి మంటకు నలుగురు

ఉసుయ్ యసునోరి ఎవరింటికి వెళ్లినా గుమ్మానికి దగ్గరగానే కూర్చుంటాడు. పెళ్లి విందైనా, చావు భోజనమైనా అంతే. కారు ముక్కు ఎప్పుడూ రోడ్డువైపే ఉండాలి. ఊళ్లో అందరూ వేడినీళ్ల తొట్టిలో మెడవరకు మునిగి అరగంటసేపు కళ్లు మూసుకుని కూర్చుంటే, ఇతను నాలుగు నిమిషాల్లో బయటపడతాడు. చెవుల్లో నీళ్లుంటే సైరన్ వినపడదని భయం. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. మనిషి మంచివాడే, కుదురే లేదు.

కమినోసావ కొండ ఊరు. నలభై ఒక్క ఇళ్లు, అన్నీ చెక్క ఇళ్లే. ఆ ఊరి అగ్నిమాపక దళానికి యసునోరి నాయకుడు. జీతం లేని పదవి. పొట్టకూటికి మాత్రం పద్దెనిమిది కిలోమీటర్లు దిగి, పట్నంలో రంపపు మిల్లుకు వెళ్తాడు. అతనికి ఇరవై నాలుగేళ్లప్పుడు దళం పెద్దలు ముగ్గురు సాకె సారా సీసా పట్టుకుని వచ్చారు. ముందుగదిలో చతికిలబడి, వాళ్ల నాన్న "సరే, తీసుకుపొండి" అనేదాకా లేవలేదు. అడిగింది తండ్రిని, వెళ్లింది కొడుకు. అప్పట్లో దళంలో ఇరవై ఆరుగురు ఉండేవాళ్లు. ఇప్పుడు కాగితం మీద ఏడుగురు, నిజానికి నలుగురు.

ఆ మే నెలలో నలుగురిలో ఒకడికి బదిలీ అయింది, మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాడు.

ముగ్గురు మిగిలితే వచ్చిన చిక్కల్లా పోటీతో. జూన్ మూడో ఆదివారం అన్ని ఊళ్ల దళాలూ పట్నం మైదానంలో పంపు పోటీకి దిగాలి. నలుగురు మనుషులు చిన్న పంపును బండి మీంచి దింపి, మూడు గొట్టాలు కలిపి, అరవై మీటర్ల అవతల ఉన్న పలకను నీళ్లతో పడగొట్టాలి. వేగం ఒక్కటే చూస్తే బాగుండేది. సెల్యూట్ కొట్టినప్పుడు మోచెయ్యి ఎంత వంగింది, ఏ కాలు ముందు పడింది, అరుపు ఎంత గట్టిగా ఉంది, వీటన్నిటికీ మార్కులు. మంటకు సెల్యూట్ కొట్టినవాణ్ణి ఈ భూమ్మీద ఎవరైనా చూశారేమో, నేనైతే చూడలేదు. యసునోరి మాత్రం దాన్ని ప్రాణంగా నేర్చాడు, ప్రాణంగా నేర్పాడు. ఏటా ఏప్రిల్ నుంచి తెల్లవారుజాము ఐదింటికే సాధన.

పట్నంలోని పెద్ద దళపతి కురొయివ అతన్ని పిలిపించాడు.

"ఉసుయ్, నలుగుర్ని నిలబెట్టలేని ఊరికి పంపు బండి దేనికయ్యా? పోటీకి రాలేకపోతే మీ దళాన్ని కింది ఊరితో కలిపేద్దాం. బండి కూడా అక్కడే ఉంటుంది."

"దళపతి గారూ, కింది ఊరి నుంచి మా ఊరికి ఇరవై నిమిషాలండి. ఇరవై నిమిషాల్లో ఇల్లు మిగలదు."

"అందుకే నలుగుర్ని తీసుకురా అంటున్నా."

ఆ రోజు నుంచి యసునోరికి నిద్ర లేదు. సాయంత్రం మిల్లు నుంచి వస్తూనే కాలుగాలిన పిల్లిలా ఇల్లిల్లూ తిరిగాడు. అతని అడుగుల చప్పుడు వినగానే కుర్రాళ్లు మాయమయ్యేవాళ్లు. రెండేళ్ల క్రితం పట్నం నుంచి వచ్చి ఇంట్లోనే కంప్యూటర్ మీద పని చేసుకునే సొమెయ ఇంటి తలుపు తడితే, భార్య వకానా తీసింది.

"ఆయన ఇంట్లో లేరండి."

"లోపల టీవీ మోగుతోంది కదమ్మా?"

"పిల్లి చూస్తోందండి."

పిల్లి దగ్గింది కూడా. యసునోరి చెప్పులు తొడుక్కుని వచ్చేశాడు.

అతని భార్య చిజురు ఇదంతా చూస్తూనే ఉంది. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే తరగతి. అందుకని ఆమె మాటల్లో మొహమాటాలుండవు. ఊళ్లో ఆడవాళ్లు వంతులు వేసుకుని, సాధన చేసేవాళ్లకు తెల్లారకముందే టీ కాచి, అన్నం ముద్దలు చుట్టి మోసుకెళ్లేవాళ్లు. చిజురు అలా మోయడం ఇది పంతొమ్మిదో ఏడు.

"ఊళ్లో మనుషులే లేనట్టు తిరుగుతున్నావేంటి? మేం కనపడ్డం లేదా?" అంది అన్నం వడ్డిస్తూ.

"ఎవరు మీరు?"

"నేను, పుట్టగొడుగుల సుమియె అక్క, వకానా. పొద్దంతా ఊళ్లో ఉండేది మేమే కదా."

యసునోరి తలెత్తకుండానే, "మీకు టీ పని ఉంది కదా," అన్నాడు.

అనకూడని మాట అది. ఎగతాళిగా కూడా అనలేదు, మామూలుగా అన్నాడు. చిజురుకు ఒళ్లు మండింది అందుకే. మర్నాడు తెల్లవారుజామున టీ రాలేదు, అన్నం ముద్దలు రాలేదు. ముగ్గురు మగాళ్లు ఖాళీ కడుపులతో సెల్యూట్లు కొట్టుకుని పనులకు పోయారు.

జూన్ మొదటి మంగళవారం పొద్దున పదిన్నరకు యసునోరి మిల్లులో దేవదారు దుంగను రంపం మీదకి ఎక్కిస్తుండగా జేబులో ఫోను అరిచింది. కమినోసావలో మంట. సుమియె పుట్టగొడుగులు ఎండబెట్టే షెడ్డు.

ఎవరికీ చెప్పకుండా పరిగెత్తాడు. దళంలో మిగతా ఇద్దరూ ఇంకా దూరంలో ఉన్నారు, ఒకడు లారీ మీద, ఒకడు పక్క జిల్లాలో. ఊళ్లో మగవాళ్లంటే ముసలివాళ్లు, తలుపు తియ్యని సొమెయ. కొండదారి మలుపుల్లో కారు తోలుతూ, వినే మనిషి లేకపోయినా "నీళ్లు, నీళ్లు" అని గొణుగుతూనే ఉన్నాడు. ఒక మలుపు దగ్గర ట్రాక్టరు అడ్డం వచ్చింది. హారన్ కొట్టి కొట్టి దాన్ని పక్కకి తప్పించాడు. షెడ్డును ఆనుకునే సుమియె ఇల్లు, ఇంటిని ఆనుకుని ఇంకో ఇల్లు. ఇరవై రెండేళ్లు కాపలా కాసి, కాసిన మంట వచ్చిన రోజున తను ఊళ్లో లేడు.

ఊళ్లో అడుగుపెట్టేసరికి పంపుల గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బండి లేదు.

బండి సుమియె ఇంటి దగ్గర ఉంది. పంపు పొలం కాలువ గట్టు మీద గుర్రుమంటోంది. దాని పక్కన, పన్నెండేళ్ల క్రితం దళం నుంచి తప్పుకున్న తొకుజి తాత బురదలో మోకాళ్ల మీద కూర్చుని మీట పట్టుకున్నాడు. కాలువకు అడ్డంగా ఎవరిదో తలుపు చెక్క, దానికి ఆసరాగా సుమియె పరుపు. అలా కట్టిన నీళ్లలోనే పీల్చే గొట్టం మునిగి ఉంది. గొట్టాలు మెలికలు తిరిగి పెరట్లో కూరమళ్ల మీదుగా పాకాయి. వాటి చివర, వంటింటి ఏప్రన్ మీదే, చిజురు నాజిల్ పట్టుకుని ఇంటి చూరు మీదకి నీళ్లు కొడుతోంది. వెనక సుమియె, ఆమె వెనక వకానా.

షెడ్డు పోయింది. ఇల్లు నిలబడి ఉంది.

యసునోరి పరిగెత్తుకెళ్లి చెయ్యి చాచాడు. "ఇటివ్వు."

చిజురు తల తిప్పలేదు. "వెనక పట్టుకో. సుమియె అక్క చేతులు పడిపోతున్నాయి."

"ఇటివ్వమంటున్నా."

"గొట్టం తొక్కుతున్నావు, నీళ్లు ఆగిపోతున్నాయి. పక్కకి జరుగు ముందు."

కిందికి చూశాడు. నిజంగానే తొక్కుతున్నాడు. జరిగి, సుమియె చేతుల్లోంచి గొట్టం అందుకుని, భార్య వీపుకు భుజం ఆనించి నిలబడ్డాడు. కింది ఊరి బండి, పనుల్లో ఉన్న మనుషుల్ని పోగేసుకుని, సైరన్ మోగించుకుంటూ వచ్చేసరికి మరో అయిదు నిమిషాలు పట్టింది. అప్పటికి బొగ్గులు చల్లార్చడమే మిగిలింది.

"ఎవరు నేర్పారు మీకు?" అని ఆ సాయంత్రం అడిగాడు.

"పంతొమ్మిదేళ్లు టీ పట్టుకుని నిలబడి చూడలేదా?" అంది చిజురు. "ఆ మోచేతుల గోల తప్ప అన్నీ వచ్చేశాయి."

యసునోరికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు, చెప్పుకోలేని చోట ఎక్కడో చిన్న నొప్పి కూడా. తను లేకపోయినా పని జరిగిపోయింది.

మర్నాడు పెద్ద దళపతి కురొయివ మెచ్చుకుంటాడనుకుని వెళ్తే, ఆయన నిప్పులు చెరిగాడు.

"పేర్లు లేవు, బీమా లేదు. వాళ్లలో ఒక్కరు పడిపోయి ఉంటే ఎవరయ్యా జవాబు చెప్పేది? పోటీకి నలుగుర్ని తెమ్మంటే, ఏప్రన్లను మంటలోకి దింపావా?"

"దింపింది నేను కాదండి. నేను అక్కడ లేను." ఆ మాట నోట్లోంచి వచ్చాక యసునోరికే తెలివి వచ్చినట్టయింది. "అదే చెప్పాలని వచ్చాను. మా ఊళ్లో మంట పగలొస్తే నేనుండను. పోటీకి మేం రామండి. వాళ్ల పేర్లు రాస్తాను, బీమా చేయించండి. మీరే ఏదో ఒక పనిరోజున, చెప్పకుండా వచ్చి సైరన్ మోగించండి. వాళ్లు నీళ్లు కొట్టలేకపోతే ఆ రోజే పంపు బండి తీసుకెళ్లండి."

సరేనంటూ కురొయివ వేలెత్తాడు. "నువ్వు మాత్రం రాకూడదు. సైరన్ విని మిల్లు గేటు దాటావని తెలిసినా, అది లెక్కలోకి రాదు."

"రానండి."

ఆ మాట ఇచ్చినంత తేలికగా నిలబెట్టుకోలేనని అతనికి తెలుసు.

మూడు పేర్లు వెంటనే కుదిరాయి. నాలుగోది సొమెయ తనంతట తనే తెచ్చి ఇచ్చాడు. మంట రోజున నిప్పురవ్వ అతని ఇంటి కప్పు మీద పడింది మరి. "పిల్లికి కూడా రాయించమంటావా?" అంది చిజురు, సొమెయ చెవులు ఎర్రబడ్డాయి. తొకుజి తాత పీట వేసుకుని కూర్చుని సుమియెకు పంపు నేర్పాడు. ముందు రెండు రోజులు యసునోరి మోచేతులు సరిచేయబోయాడు. మూడో రోజు చిజురు అతన్ని ఇంటికి పంపేసింది.

తర్వాత ఎదురుచూపు మొదలైంది. అది మంటకంటే ఘోరం. ఏ రోజో తెలియదు. మిల్లులో ఫోను గుడ్డిలైటు మిణుకుమంటే చాలు, చేతిలో పని జారేది. యజమాని రెండుసార్లు తిట్టాడు, వేళ్లు పోగొట్టుకుంటావు జాగ్రత్త అని.

పదకొండో రోజు, గురువారం, పదకొండు గంటల పది నిమిషాలకు ఫోను అరిచింది. కమినోసావ. పరీక్ష సైరన్.

యసునోరి రంపం ఆపేసి గేటు దాకా వెళ్లాడు. గేటు దగ్గర ఆగిపోయాడు. పీల్చే గొట్టం రబ్బరు వాషర్ పాతది, మార్చమని చెప్పాడా లేదా? నిన్న వాన లేదు, కాలువలో నీళ్లు ఎంతున్నాయో. బండి తాళం చెవి మేకుకి ఉందా, తన జేబులో ఉండిపోయిందా? జేబులు రెండూ తడిమాడు. లేదు. మళ్లీ తడిమాడు. కారు ఎదురుగానే ఉంది. పద్దెనిమిది కిలోమీటర్లు. వెళ్లినా అందుకోలేడని తెలుసు, అయినా కాళ్లు కారువైపే లాగుతున్నాయి. ఇరవై రెండేళ్లలో సైరన్ మోగాక అతను కదలకుండా ఉన్నది ఆ రోజే. గేటు ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు. చూసినవాళ్లు మనిషికి మతి పోయిందనుకున్నారు.

నలభై నిమిషాల తర్వాత చిజురు ఫోను చేసింది.

"నీళ్లు పడ్డాయి. తొమ్మిది నిమిషాలు. వకానా ఒకసారి జారి పడింది, లేచింది."

"బండి?"

"మన ఊళ్లోనే ఉంటుందట."

యసునోరి కడ్డీ వదిలేశాడు. అవతల చిజురు మాత్రం ఫోను పెట్టెయ్యలేదు.

"ఇంకేంటి?" అన్నాడు.

"మీ నాయకుడెక్కడ అని అడిగాడు దళపతి, తెలిసే. పట్నంలో పనిలో ఉన్నాడన్నాను. పగలొచ్చే మంటకు నాయకుడు పట్నంలో ఉంటే ఎలా అన్నాడు. నాయకుడు పగలు ఊళ్లో ఉండే మనిషే అయ్యుండాలట. అదొక్కటే షరతు." గొంతు తగ్గించింది. "నన్ను నాయకురాలిగా ఉండమంటున్నాడు. నేనింకా ఏం చెప్పలేదు. పక్కనే నిలబడి ఉన్నాడు."

తను అడిగిందే కదా. తనే వెళ్లి, నేనుండను అని నోరు తెరిచి చెప్పాడు. ఆ మాటకు ఇదే జవాబు. అయినా ఖాళీ చెయ్యి మళ్లీ కడ్డీని పట్టుకుంది.

"వింటున్నావా? వద్దంటే చెప్పు, ఇప్పుడే కాదంటాను. నీ ఇరవై రెండేళ్లు."

"ఉండు," అన్నాడు యసునోరి. "నువ్వే ఉండు. ఆయన్ని నిలబెట్టకు." గేటు వదిలి వెనక్కి నడుస్తూ, "మరి నేను?" అన్నాడు.

చిజురు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, హాస్యానికి కాదు. "నువ్వు సాయంత్రం ఆరు దాటాక వచ్చే మంటలకు," అంది.

యసునోరి పెద్దగా నవ్వాడు. ఫోను జేబులో పెట్టుకుని, దుంగల గుట్ట వెనక్కి వెళ్లి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని మళ్లీ రంపం దగ్గరికి వచ్చాడు.