నీలం తాగని దూది

అల్లాబక్షు బూరుగు దూదిలోంచి గింజలు ఏరుతున్నాడు. కోవూరులో పరుపులు కుట్టి బతికే మనిషి. ఇప్పుడు చేతిలో ఉన్న పని మాత్రం పరుపు కాదు, చంక. నెల్లూరు సర్జను వినీల గారు తన దగ్గర పని నేర్చుకునే డాక్టర్ల కోసం కుట్టమన్న గుడ్డ చంక.

రొమ్ము క్యాన్సరు పాకితే ముందు చేరేది చంకలోని బిళ్ళలకే, అంటే లింఫు గ్రంథులకే. రొమ్ములోకి నీలం మందు ఎక్కిస్తే అది మొదట చేరిన బిళ్ళను తీసి పరీక్షిస్తారు. దాంట్లో జబ్బు లేకపోతే మిగతావాటి జోలికి పోరు. ఆ వెతుకులాట మనిషి మీద కాక ముందు గుడ్డ మీద చేతికి రావాలని వినీల గారి పట్టు.

మొదట కుట్టింది చెడిపోయింది. పరుపుల అలవాటు కొద్దీ మంచి పత్తి దట్టించినాడు. బిళ్ళగా లోపల పెట్టిన స్పాంజి ముక్కలోంచి కారిన నీలాన్ని దూదంతా తాగేసింది. ఏది బిళ్ళో, ఏది దూదో తెలియలేదు.

భార్య మదార్‌బీ చూసి నవ్వింది.

"తాగేదాన్ని కూరి దోవ వెతకమంటావా? బూరుగు పెట్టయ్యా, తడవదు. ఇన్నేళ్ళు కుట్టి నేర్చింది ఇదేనా?"

ఆ నవ్వు విని చాన్నాళ్ళయింది. ఇద్దరిలో పనిమంతురాలు ఆమే. రొమ్ము క్యాన్సరుకి వేరే ఊళ్ళో ఆపరేషన్ చేసి చంకలో బిళ్ళలన్నీ ఊడ్చేసినాక కుడిచేయి దిండులా ఉబ్బింది. సూది పట్టదు. ఆ చేయి చూపించుకోబోయినప్పుడే వినీల గారు పరిచయమైనారు. ఇప్పుడు గుడ్డ కదలకుండా దాని మీద బరువు పెట్టడానికే ఆ చేయి.

సాయంత్రం వినీల గారు వచ్చి నీలం ఎక్కించినారు. కుట్టకుండా వదిలిన సందులోంచి చూస్తే ఒక్క బిళ్ళే నీలంగా ఉంది. చుట్టూ దూది తెల్లగానే ఉంది.

"బాగా కుదిరింది," అన్నారు.

మదార్‌బీ ఆ బిళ్ళ వంకే చూస్తా అడిగింది. "అమ్మా, నావి అన్నీ తీసినారు గదా. వాటిల్లో జబ్బు ఉన్నిందా?"

వినీల గారు సిరంజి పక్కన పెట్టినారు. "లేదమ్మా. నీ రిపోర్టులు చూసినాను. ఒక్కదాంట్లో కూడా లేదు. అప్పుడు అక్కడ ఈ పద్ధతి తెలిసినవాళ్ళు లేరు."

"ఈ డాక్టర్లు నేర్చుకుంటే నా చేయి తగ్గుద్దా?"

"తగ్గదు."

అల్లాబక్షు సూదిలో దారం ఎక్కించినాడు. మదార్‌బీ ఉబ్బిన చేతిని ఎడమచేత్తో ఎత్తి గుడ్డ అంచు మీద పెట్టింది. అతను ఆ సందు మూసి, దారం కొరికి, చంకను వినీల గారి చేతిలో పెట్టినాడు.