పిన్ని కారు కప్పు కోసిన వేసవి

నిన్న ఐర్లండ్‌లో మా ఊరు నేవన్‌లో నా కారు డోరుకు పడిన సొట్ట చూపిస్తే, వర్క్‌షాపు మనిషి వంగైనా చూడకుండా డోరే మార్చేద్దాం అన్నాడు. సొట్టలు తీసే ఓపిక ఇప్పుడెవరికుందట. మర్యాదగానే చెప్పాడు, కానీ నాకు ఒళ్లు మండింది. ఈ మంట నాకు మా పిన్ని దగ్గర్నుంచి అంటుకున్నదే.

పిన్ని ములింగార్ ఊరి దగ్గర వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. గుండెలోకి పంపే సన్నటి గొట్టాల వెల్డింగు మైక్రోస్కోపు కింద సరిచూడటం ఆవిడ పని. నడివయసులో పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పట్టు తప్పింది. మూతి కూడా కొన్నాళ్లు వంకరపోయిందిగానీ నోరు మాత్రం ఒక్కరోజూ మూతపడలేదని బాబాయి అనేవాడు. పిసకమని ఫిజియో అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతిని పిన్ని వంటింటి అలమరలో కందిపప్పు డబ్బా వెనక్కి నెట్టేసింది. ఫ్యాక్టరీవాళ్లు ఆవిణ్ణి రిపోర్టులు రాసే కుర్చీలోకి మార్చారు. ఆ వారమే పిన్ని ఒక రైతు పొలంలో పడున్న పాత కారును ట్రైలర్ మీద ఇంటికి తెప్పించింది. అది తుప్పు పట్టి ఉంది, సీట్లలోంచి పిచ్చిమొక్కలు మొలిచాయి. అలాంటి బండికి కప్పు కిందికి దించి, పెద్ద ఇంజను పెట్టి, తమకు నచ్చినట్టు మార్చుకుంటే హాట్ రాడ్ అంటారు. అది చేస్తానంది.

"టీ పెట్టుకోవడానికే చెయ్యి రావట్లేదు, ఇదేం పిచ్చి?" అన్నాడు బాబాయి.

"టీ మీరు పెట్టండి" అంది.

శనివారాలు నేను నేవన్ నుంచి వెళ్లేదాన్ని. ఇంటి వెనక షెడ్డు మీద వాన, లోపల పిన్ని సుత్తి, ఏది ఏ చప్పుడో తెలిసేది కాదు. కాలిన ఇనుము వాసనా, బాబాయి పెట్టిన అల్లం టీ వాసనా కలిసిపోయేవి. రేకు వంపు తిరగాలంటే వెనక ఇనుప దిమ్మ ఆనించి ముందు నుంచి కొట్టాలి. ఆ దిమ్మ ఎడమచేతిలోంచి జారి కాలి మీద పడేది. చివరికి పాత చీర అంచు చించి దిమ్మను అరచేతికి కట్టేసుకుంది. మడ్‌గార్డులకే చలికాలం అయిపోయింది.

పక్కింటి ఐరిష్ పెద్దాయన జీవితమంతా కార్ల టింకరింగ్ చేసి రిటైరయ్యాడు. రోజూ తొంగిచూసి "గ్రాండ్, గ్రాండ్" అనేవాడు. వేసవిలో పిన్ని కప్పు కోస్తోందని తెలిసిన రోజు మాత్రం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. కప్పును మోసే స్తంభాల్లో ఒక్కటి వంకరపోయినా బండి తుక్కేనని, ఆ చేత్తో వద్దని బతిమాలాడు.

"నా చెయ్యి సంగతి నాకు తెలుసు. తప్పుకోండి" అని పిన్ని కోతమిషను ఆన్ చేసింది.

ఆ స్తంభాల్లోంచి బెత్తెడు చొప్పున ముక్కలు తీసేసింది. నేనూ బాబాయీ కప్పు ఎత్తిపట్టుకుంటే అతుకులు వేసింది. దూరం జరిగి చూస్తే కప్పు ఒక పక్కకు ఒరిగి ఉంది. పిన్ని టీ తాగింది, లేచింది, వేసిన అతుకులన్నీ మళ్లీ కోసేసింది. ఈసారి పెద్దాయనే లోపలికొచ్చి ఓ మూల పట్టుకున్నాడు. కప్పు సరిగ్గా కూర్చుంది.

రంగు వేసేముందు, డోరు మీద వెలుతురు పడితే సుత్తిదెబ్బల అలలు కనిపించాయి. పుట్టీ పూస్తే నున్నగా అయిపోతుందన్నాడాయన.

"వద్దు. అది నా చెయ్యి. కనపడనీ" అంది.

డ్రైవింగుకి డాక్టరు ఒప్పుకున్నాక, ఆ వేసవి చివర్లో ఊళ్లో జరిగిన పాత బండ్ల ప్రదర్శనకు తనే నడుపుకుంటూ వచ్చింది. ఒకాయన కప్పు చుట్టూ తిరిగి, బాబాయి భుజం తట్టి, ఎవరి పనితనం అని అడిగాడు. బాబాయి పిన్ని వైపు చూపించాడు. ఆయన నమ్మలేదని మొహమే చెప్పింది. పిన్ని షేక్‌హ్యాండ్‌కి కావాలనే ఎడమచెయ్యి చాచింది. గట్టిగానే నొక్కినట్టుంది, పాపం ఆయన వేళ్లు దులుపుకున్నాడు.

చెయ్యి పూర్తిగా బాగవలేదు. ఇప్పటికీ గిన్నెలు జారిపోతాయి, ఆవిడ గిన్నెల్నే తిడుతుంది. కాలం మా అందరి పట్టునూ మాకు తెలియకుండానే సడలిస్తోంది. పిన్ని దగ్గర మాత్రం అది ఒక్కో వేలూ పోట్లాడి విప్పుకోవాల్సిందే.