ఊడ్చినోళ్లదే పువ్వు

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చిన అతిథులందరిలోకీ తక్కువ తిని ఎక్కువ అడిగిన మనిషి లా కాలేజీ సారు. జొన్నరొట్టె సగం తుంచి పక్కన పెట్టేవాడు గానీ, ప్రశ్నను మాత్రం సగంలో వదిలేవాడు కాదు. బావి ఎవరు తవ్వించారు, నీళ్లు ముందు ఎవరి మడికి పోతాయి, చెట్టు కొమ్మ పక్క పొలంలోకి వంగితే కాయ ఎవరిది అంటూ దారిన పోయే మేకల కాపరిని కూడా ఆపి అడిగేవాడు. ఈయన ఇంట్లో ఏదో భూమి తగాదా ఉన్నట్టుంది పాపం అని మా ఊరివాళ్లు జాలిపడ్డారు.

మాది కాటారం అవతల అడవి అంచున ఉన్న ఊరు. ఆయనది జనగామ. పట్నంలో అప్పుడే కొత్తగా పెట్టిన లా కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. కాలేజీ అంటే మేము మేడలూ స్తంభాలూ ఊహించుకున్నాం. అదేం లేదని ఆయనే నవ్వుతూ చెప్పాడు. పల్లీల గోదాం మీద రెండు గదులు, ఏదో బడివాళ్లు దయతలిచి ఇచ్చిన బెంచీలు. కింద పల్లీలు చెరిగితే పైన క్లాసంతా తుమ్ములే. పాఠాలు చెప్పేది కోర్టు ముగించుకుని వచ్చే వకీళ్లు. వినేవాళ్లలో డోర్నకల్ నుంచి డ్యూటీ బట్టలతోనే రైలు దిగి వచ్చే రైల్వే మనుషులు కూడా ఉండేవారట.

పుస్తకాల బీరువా ఒక్కటే. అందులోని తీర్పులన్నీ ఎక్కడెక్కడివో. మన పల్లెలు ఏ కట్టుబాటు మీద నడుస్తున్నాయో ఒక్క పుస్తకంలోనూ లేదు. కొందామంటే దొరకనప్పుడు మనమే రాసుకుందాం అన్నారట ఆ కాలేజీ పెద్దలు. ఇక ప్రతి ఎండాకాలం మొదట్లో సార్లూ విద్యార్థులూ తలా ఒక నోటుపుస్తకం పట్టుకుని ఊళ్ల మీద పడేవారు. మా దిక్కు ఈ సారు వంతుకు వచ్చింది.

ఆయన జేబులో రెండు పెన్నులుండేవి. జనం చెప్పింది నీలి సిరాతో రాసేవాడు. నిజంగా జరుగుతున్నట్టు తేలింది ఎర్ర సిరాతో రాసేవాడు. రాసినదాన్ని చెప్పినవాళ్లకు చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాకే పేజీ తిప్పేవాడు.

మా తాతయ్య ఊళ్లో పెద్దమనిషి. అరుగు మీద నులకమంచం వేసుకుని కూర్చుంటే తగవులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవి. తన మాట పుస్తకంలోకి ఎక్కుతుందని తెలిశాక ఆయన మీసం ఒక అంగుళం పైకి లేచింది. ఇప్పచెట్టు పూలు ఎవరివని సారు అడిగాడు.

"చెట్టు ఎవరి పొలంల ఉంటే పువ్వు వాళ్లది. గిండ్ల అడిగేటందుకేమున్నది?" అన్నాడు తాతయ్య. సారు నీలి సిరాతో రాసుకున్నాడు.

నాకు మాత్రం ఆ మాట నచ్చలేదు. ఎందుకంటే మా పొలం గట్టు మీది ఇప్పచెట్టు కింద రెండు రోజుల కిందటే ఊడ్చింది మా వెనకింటి అక్క. భర్త కూలిపనికి దూరం పోతే ఇద్దరు పిల్లలతో నెట్టుకొచ్చే మనిషి. ఏటా పూలు రాలకముందే ఆమె ఆ చెట్టు కింది ఆకులు ఊడ్చి, కాల్చి, కొమ్మకు ఒక పాత గుడ్డపేలిక కట్టేది. ఆ పేలిక కనిపిస్తే ఇంకెవరూ అటు పోరు. ఏరుకున్న పూలు ఎండబెట్టి కుండల్లో దాచుకునేది. వానాకాలంలో పని దొరకని రోజుల్లో ఆ పిల్లల కడుపు నింపేవి అవే. ఆ ఏడు సంతలో ఇప్పపువ్వుకు గిరాకీ పెరిగింది. తాతయ్య ఆమెను పిలిచి, ఈసారి మేమే ఏరుకుంటాం, నువ్వు రావద్దు అన్నాడు. ఆమె "మంచిది పటేలా" అని వెళ్లిపోయింది. ఆమెతో కలిసి ఒక పూట ఊడ్చిన పాపానికి నా అరచేతుల్లో బొబ్బలు కూడా ఇంకా ఆరలేదు. అయినా తాతయ్య ఎదుట నోరు విప్పే ధైర్యం ఎవరికుంది?

మర్నాడు పొద్దున సారు ఆ చెట్టు చూస్తానంటే దారి చూపించడానికి నన్ను పంపారు. చెట్టు కింద నేల కల్లంలా శుభ్రంగా ఉంది. పేలిక గాలికి ఆడుతోంది. పూలు తెల్లగా రాలి పడి ఉన్నాయి, ఏరేవాళ్లు మాత్రం లేరు. ఎవరు ఊడ్చారని సారు అడగడమే ఆలస్యం, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. ఇలాంటి తగవు ఇదివరకు ఎప్పుడైనా వచ్చిందా అని ఆయన అడిగాడు. అది మా బాపమ్మకే తెలియాలి అన్నాను.

మా బాపమ్మకు, అంటే మా నాయనమ్మకు, అక్షరం ముక్క రాదు. కానీ ఊళ్లో జరిగిన ప్రతి పంచాయితీ, ఆ ఏడు ఎవరి బర్రె ఈనిందో దానితో సహా, ఆమె నాలుక మీద ఉండేది. చింతపండు గింజలు తీస్తూ ముందు తనలో తనే నవ్వుకుంది. ఆ తరువాత గొంతు తగ్గించి చాలాసేపు చెప్పింది. సారు ఎర్ర సిరాతో పేజీన్నర రాశాడు. చివర్లో ఆమె, "గా మాటలు విన్ననాడే ఈయన నాకు నచ్చిండు" అని కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సారు అరుగు మీద కూర్చుని, ముందు నీలి సిరా వాక్యం చదివాడు. తాతయ్య తల ఊపాడు.

"ఇంకొక్కటి ఉన్నది పటేలా. ఒక ఊర్ల పంచాయితీల ఒక పడుచుపిలగాడు చెప్పిన మాట. వాళ్లకు గుంటెడు భూమి లేదట. వాళ్లమ్మ వేరేవాళ్ల పొలంల ఇప్పచెట్టు కింద ఊడ్చుకుంటే భూమిగల్లాయన అడ్డమొచ్చిండట," అని ఎర్ర సిరా పేజీ చదివాడు. "చెట్టును నువ్వు నాటలే, మీ తాత నాటలే. అడవి ఇచ్చింది. ఊడ్వకుంటే పువ్వు మట్టిపాలు. దాన్ని మనిషి నోటికాడికి తెచ్చింది చీపురు. ఊడ్చినోళ్లదే పువ్వు."

"పిలగాడు గట్టోడే. పంచాయితీ ఏమన్నది మరి?" అన్నాడు తాతయ్య.

"ఒప్పుకున్నది. గప్పటిసంది ఆ ఊరంత గదే నడుస్తున్నది."

"ఒప్పుకోక ఏంజేస్తరు? మాట్లాడింది మంచిమాటనాయె."

అప్పుడు గడప లోపలి నుంచి బాపమ్మ అంది: "గా పిలగానికి గప్పుడు గింత బట్టతల లేకుండె."

తాతయ్య చెయ్యి తనంతట తానే నెత్తి మీదికి పోయింది. ముఖం ఎర్రబడింది. సారును ఇంట్లోంచి వెళ్లగొడతాడేమోనని నేను స్తంభం వెనక్కి జరిగాను. తాతయ్య మాత్రం, "గప్పటి ముచ్చట వేరు" అన్నాడు.

సారు నొచ్చుకోలేదు సరికదా, సంబరపడ్డాడు. పాత తీర్పు ఎదురొస్తే వకీళ్లంతా మొదట అనేది ఇదే మాట అట. అందులో తప్పేమీ లేదు, తేడా ఉంటే ఉండొచ్చు అన్నాడు. "ఏం వేరో చెప్పుండ్రి, గది గూడ రాసుకుంట."

తాతయ్య చెప్పడం మొదలుపెట్టాడు. "గప్పుడు చెట్టు..." అని ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "గప్పుడు చెట్టు మనది కాదు."

సారు పెన్ను మూత తీసి, కాగితం మీద ఆనించి, ఎంతో మర్యాదగా అడిగాడు. "ఈ కారణం రాసుకోమంటరా పటేలా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు, రాయమంటే రాసేవాడే.

"రాయకు సారూ," అన్నాడు తాతయ్య. ఆ వెంటనే ఆయనకే నవ్వొచ్చింది. మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. నవ్వు ఆగాక నా వైపు తిరిగి, "పో బిడ్డా, అక్కను గంప తీస్కొని చెట్టు కాడికి రమ్మను," అన్నాడు.

నేను పరుగెత్తిన తీరు చూసి ఊళ్లో కుక్కలు వెంటపడ్డాయి. అక్క ఎందుకని కూడా అడగలేదు. గంప అందుకుని నాకన్నా ముందే చెట్టు దగ్గర ఉంది. ఆ వానాకాలంలో ఇప్పపూలూ నువ్వులూ కలిపి దంచిన ముద్దలు ఒక గిన్నెడు మా ఇంటికి పంపింది. వాటిలో సగానికి పైగా తాతయ్యే తిన్నాడు.

తరువాతి ఏడు పోస్టులో ఆ కాలేజీ వాళ్ల పత్రిక వచ్చింది. మా ఊరి కట్టుబాటు అందులో ఉంది. అడుగున సన్నటి అక్షరాలతో 'ఈ సంగతి ఆ ఊరి వృద్ధురాలొకరు చెప్పారు' అని వేశారు. నేను చదివి వినిపిస్తే బాపమ్మ, "వృద్ధురాలు ఎవరే?" అంది. రెండు రోజులు సారు పేరెత్తితే పలకలేదు.

పెద్దయ్యాక నేనూ అదే కాలేజీలో చదివాను. అప్పటికి దానికి సొంత మేడ వచ్చింది, స్తంభాలు కూడా వచ్చాయి. లైబ్రరీలో ఆ ఎండాకాలాల నోటుపుస్తకాలు అట్టలు కట్టి దాచారు. వెతికి మా ఊరి పేజీ తీశాను. తాతయ్య చెప్పిన నీలి వాక్యం మీద ఒకే ఒక్క గీత. పక్కన ఎర్ర సిరాతో 'చెప్పినవారే వెనక్కి తీసుకున్నారు' అని ఉంది. ఎవరో ఓడించినట్టు రాయలేదు, తప్పని తేల్చినట్టూ రాయలేదు. అప్పటికి తాతయ్య లేడు. పుస్తకం ముందు పెట్టుకుని కాసేపు ఏడ్చాను.

వకీలుగా నేను గెలిచిన గొప్ప కేసులేమీ లేవు. ఇప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నాను. మొన్న మా మేడ మీది గదిలో అద్దెకుంటున్న అమ్మాయి వచ్చి, డాబా మీద వడియాలు పెట్టుకుంటానమ్మా అని అడిగింది. కుదరదన్నాను. ఆమె సరేనని మెట్లెక్కుతుంటే ఎందుకు కుదరదో నాలో నేనే వెతుక్కున్నాను. డాబా నాది, అంతే. ఎక్కడో పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది. డాబా తాళంచెవి తీసుకుని మోకాళ్ల నొప్పులతోనే ఆ అమ్మాయి వెనకాల మెట్లెక్కాను.